పరాయి పచ్చిక

పోయిన వారం మనం అక్కను ఒక పరాయి పచ్చిక మీద, నెత్తి నుంచి పాదాల దాకా తడిసి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళేలోపు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

లిఫ్టులు బాగుచేసే తమ్ముడు ఊరికి ఆ చివర ఒక ఆఫీసు భవనంలో పని చేస్తూ చేస్తూ కుప్పకూలిపోయాడు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. పెళ్ళాం ఏనాడో విడిపోయి వెళ్ళిపోయింది కనుక అతనికి దిక్కు అక్క ఒక్కతే. అతని కుక్కకూ ఆవిడే దిక్కు. దాని పేరు బొగ్గు. పేరుకు తగ్గ రంగు, దూడంత ఒళ్ళు. అక్క మొగుడికి కుక్క వెంట్రుక గాలికి ఎగిరొచ్చినా తుమ్ములు ఆగవు. అందుకని దాన్ని ఇంటికి తెచ్చుకునే వీలు లేక, అక్క రోజూ తెల్లారుతూనే బస్సెక్కి తమ్ముడి వీధికి వచ్చి, బొగ్గును తిప్పి, తిండి పెట్టి, అటునుంచటే కర్టెన్లు కుట్టే షాపుకు పోయి, సాయంత్రం ఆసుపత్రికి పోయి, అప్పుడు ఇల్లు చేరుతోంది. మనిషి నడుస్తోందే గానీ నిద్ర మాత్రం ఆమె కంటే ఒక బస్సు వెనకాలే వస్తోంది.

ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఇంత పచ్చిక. మనుషులకు లేకపోయినా ఆ పచ్చికలకు మర్యాదలు చాలా ఉన్నాయి. కుక్క గొలుసు పొట్టిగా పట్టుకోవాలి. రోడ్డు వైపు అంచున నడిపించాలి. ఎవరి కంచె దగ్గరా కాలెత్తనివ్వకూడదు. జేబులో కవరు లేకుండా గుమ్మం దిగకూడదు. బొగ్గుకు ఇవన్నీ అక్క కంటే బాగా తెలుసు. తమ్ముడు అంత పద్ధతిగా పెంచాడు. వీధి పొడుగునా మంచి ఉద్యోగస్థుడిలా తల తిప్పకుండా నడుస్తుంది. కానీ చివరి నుంచి రెండో ఇల్లు రాగానే ఎవరి మాటా వినదు. గొలుసు గుంజుకుని లోపలికి పోయి, పచ్చిక నడిమధ్యన కూర్చుని, ఆ ఇంటి తలుపు వైపు చూస్తుంది. లాగితే రాదు, తిడితే వినదు. అక్క అవతలి పక్కన నడిచి చూసింది. వేరే వీధికి తీసుకెళ్ళి చూసింది. అక్కడ నడిరోడ్డు మీద కూలబడి, కార్లు హారన్లు కొడుతున్నా లేవలేదు.

ఆ ఇల్లు ఈత టీచరుది. కొలనులో పిల్లలకూ పెద్దలకూ ఈత నేర్పుతుందామె. పొట్టి జుట్టు, విశాలమైన భుజాలు, ముక్కుసూటి మాట. మొదట కుక్కను పట్టుకోమని చెప్పింది. తర్వాత గట్టిగా చెప్పింది. ఆ తర్వాత 'ఇది కుక్కల కోసం పెంచిన పచ్చిక కాదు, వాటిని తెచ్చేవాళ్ళ కోసం అంతకన్నా కాదు' అని బోర్డు పాతింది. ఈ రోజు పొద్దున గొలుసు అక్క చేతిలోంచి జారిపోయి, బొగ్గు ఆ బోర్డు పక్కనే కూర్చుంటే, మొక్కలకు నీళ్ళు పెడుతున్న ఈత టీచరు గొట్టం ఇటు తిప్పింది. కుక్కకు తగలాల్సిన నీళ్ళు కుక్క వెనకాల పరిగెత్తుకొచ్చిన అక్కకు తగిలాయి.

ఇక అక్కణ్ణించి.

పొద్దుటి చలికి నీళ్ళు చన్నీళ్ళలా కాదు, చాకుల్లా ఉన్నాయి. అక్కకు ఒక్క క్షణం ఊపిరందలేదు. భుజానికున్న సంచీలోంచి, మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె ముక్కలు కట్టిన కాగితం తడిసి జారి గడ్డి మీద పడింది. బొగ్గు దాని వైపు కూడా చూడలేదు.

పక్కింటి లెక్కల మాస్టారు కంచె మీదుగా టీ కప్పుతో సహా తల పెట్టి, గొలుసు ఎప్పుడూ చేతికి రెండు చుట్లు చుట్టుకోవాలనీ, ఆ సంగతి తను మొన్ననే చెప్పాననీ అన్నాడు. రిటైరయ్యాక ఆయనకు దిద్దడానికి పేపర్లు లేక మనుషుల్ని దిద్దుతున్నాడు. ఎవరూ పలక్కపోయేసరికి టీ చల్లారిపోతోందని గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

వేరే రోజైతే అక్క దులిపేసేది. ఆమె నోటికి షాపులో మేస్త్రీయే తప్పుకుని తిరుగుతాడు. తిట్టడానికి నోరు తెరిచింది కూడా. కానీ నోట్లోంచి మాటకు బదులు ఆవులింత వచ్చింది. పెద్ద ఆవులింత. ఆ ఆవులింత ఆగేలోపే ఆవిడ అక్కడే, ఆ తడి గడ్డి మీదే కూర్చుండిపోయింది.

"రెండు నిమిషాలు కూర్చుని పోతానమ్మా. తర్వాత కావాలంటే మళ్ళీ కొట్టు నీళ్ళు," అంది.

ఈత టీచరు గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది. గొడవకు సిద్ధపడి వచ్చిన మనిషికి గొడవ దొరక్కపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నీళ్ళు గొట్టంలోంచి కారి ఆమె చెప్పులు తడుపుతున్నాయి. బొగ్గు లేచి, ఒళ్ళు ఒకసారి విదిలించుకుని, తోక ఊపుతూ మెల్లగా ఆమె దగ్గరికి నడిచింది. ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని పెద్ద నిట్టూర్పు విడిచింది.

"బొగ్గూ, లే. లే నాన్నా, తడిసిపోతావు," అంది ఈత టీచరు. అని, నాలుక్కరుచుకుంది.

అక్క తలెత్తింది. ఈ వీధిలో ఎవరికీ తను కుక్క పేరు చెప్పలేదు. నడిపేటప్పుడు 'ఒరేయ్' అనీ 'నీ మొహం మండ' అనీ తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. అంతకన్నా ఆ 'నాన్నా' అన్న మాట. అది కొత్తగా అన్నట్టు లేదు. నోటికి అలవాటైన మాటలా ఉంది.

"దీని పేరు నీకెలా తెలుసు?"

"మీ ఆయన్నే అడగండి."

"మా ఆయన్నా? ఆయనకి కుక్క అన్న మాట వింటేనే తుమ్ములొస్తాయి. ఆయనకేం తెలుసు?"

ఈత టీచరు మొహంలో కోపం ఒక మెట్టు దిగి, అనుమానం ఒక మెట్టు ఎక్కింది. "ఈ కుక్క ఎవరిదో ఆయన గురించి అడుగుతున్నాను. లిఫ్టుల మెకానిక్కు. ఆయన మీ ఆయన కాదా?"

"ఏం మాటలమ్మా అవి. వాడు నా తమ్ముడు."

గొట్టం ఆమె చేతిలోంచి జారి గడ్డి మీద పడి, పాములా అటూ ఇటూ కొట్టుకుంది. ఇద్దరూ దాన్ని ఆపలేదు. కుళాయి కట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

"ఎక్కడున్నాడు?" అంది ఈత టీచరు. 'ఉన్నారు' అనలేదు. ఆ తేడా కూడా అక్క చెవిన పడింది.

అక్కకు ఎవరికైనా ఆ సంగతి చెప్పడం అలవాటైపోయింది. షాపులో చెప్పింది, బస్సు కండక్టరుకు చెప్పింది, బంధువులకు ఫోన్లో చెప్పింది. చెప్పీ చెప్పీ ఆ మాటలకు పదును పోయింది. ఇప్పుడూ అలాగే, పడిపోయాడు, కుడి పక్క పనిచేయడం లేదు, మాట లేదు, ఆసుపత్రిలో ఉన్నాడు అని పాఠంలా అప్పజెప్పింది. చెప్పాక ఎదుటి మనిషి మొహం చూసింది. ఆ మొహం చూశాక, ఆ మాటలకు పదును పోలేదని, తనకే చేతులు కాయలు కాచాయని తెలిసింది.

ఈత టీచరు ఏడవలేదు. వెళ్ళి కుళాయి కట్టింది. గొట్టం తెచ్చి చుట్ట చుట్టింది, సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ చుట్టింది. అప్పుడు అక్క దగ్గరికొచ్చి చెయ్యి అందించింది. నీళ్ళలోంచి మనుషుల్ని పైకి లాగే చెయ్యి అది. అక్క లేచి నిలబడ్డానని అనుకునే లోపే నిలబడి ఉంది.

లోపలికి రమ్మని ఆమె అనలేదు, వస్తానని ఈమె అనలేదు. బొగ్గు ముందు నడిచింది, వెనకాల ఇద్దరూ వెళ్ళారు. అది ఇంటి పక్కనుంచి పెరటి వైపు పోయి, వంటింటి తలుపు కింద ఉన్న చిన్న రెక్కను ముక్కుతో తోసుకుని లోపలికి దూరింది.

అక్క ఆ చిన్న తలుపు దగ్గర ఆగిపోయింది. పెద్ద తలుపులో కింద భాగం చదరంగా కోసి, రబ్బరు అంచు కట్టి, పైన రెండు చిన్న బందులు వేసి బిగించారెవరో. ఎవరో ఏమిటి, ఆ పని ఎవరిదో చూస్తూనే తెలుస్తోంది. తమ్ముడు ఏ మరమేకు బిగించినా దాని తల మీది గాడి ఎప్పుడూ నిలువుగా ఉండేలా తిప్పి వదులుతాడు. చిన్నప్పటి నుంచీ అంతే. దుమ్ము నిలవదంటాడు. ఇక్కడ కూడా అన్ని గాడులూ నిలువుగా ఉన్నాయి.

ఒక్క రోజులో అయ్యే పని కాదది. ఒక్కసారి వచ్చి పోయేవాడు చేసే పనీ కాదు.

వంటింట్లో కుర్చీ, పొడి తువ్వాలు, వేడి టీ దొరికాయి. ఈత టీచరు తన ఉన్ని కోటు తెచ్చి అక్క భుజాల మీద కప్పింది. కోటు వెడల్పుగా ఉండి అక్క అందులో మునిగిపోయింది. స్టవ్వు పక్కన నేల మీద రెండు గిన్నెలు, ఒకదాంట్లో నీళ్ళు కూడా ఉన్నాయి. శుభ్రమైన నీళ్ళు. కుక్కను లోపలికి రానివ్వని ఇంట్లో, కుక్క గిన్నెలో ఈ పూట పట్టిన నీళ్ళు. అక్క దాన్ని చూసింది, అక్క చూసిందని ఈత టీచరు చూసింది.

తర్వాత ఆమె చెప్పింది. చెప్పడం కూడా ముక్కుసూటిగానే, పక్కకు పోకుండా చెప్పింది.

రెండేళ్ళ కిందట బొగ్గు ఒకసారి ఈ పచ్చికలో గుంత తవ్వి పోయింది. ఆమె ఇంట్లో లేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి తమ్ముడు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో గడ్డి విత్తనాల పొట్లం, చంకలో చిన్న పార. తప్పు తన కుక్కదనీ, మీరు లేకుండా మీ నేల మీద చెయ్యి వేయడం మర్యాద కాదని ఆగాననీ అన్నాడట. గుంత పూడ్చాడు, విత్తనాలు చల్లాడు. మొలిచాయో లేదో చూడ్డానికి మర్నాడు వచ్చాడు. మొలవలేదు. ఆ మర్నాడూ వచ్చాడు. గడ్డి మొలిచింది, పెరిగింది, కోతకు కూడా వచ్చింది. రాకలు మాత్రం ఆగలేదు.

అక్క వింటూ టీ తాగింది. తమ్ముడు ఇంత కథ నడిపాడంటే నవ్వొస్తోంది. తనకు చెప్పకుండా నడిపాడంటే ఎక్కడో సన్నగా మంట పెడుతోంది. కానీ ఆ నవ్వుకూ మంటకూ కూడా ఒళ్ళు సహకరించడం లేదు. ఆ కుర్చీలో అలాగే తల వాల్చి, ఎవరూ లేపకుండా రెండు రోజులు నిద్రపోవాలని ఉంది.

"మరి నన్ను వాడి పెళ్ళాం అని ఎందుకనుకున్నావు?"

అతను ఉన్నట్టుండి రావడం మానేశాడనీ, ఫోను చేస్తే మోగలేదనీ ఈత టీచరు చెప్పింది. ఆ ఫోను అతనితో పాటే కిందపడి ముక్కలైన సంగతి అక్కకు తెలుసు. ఆగలేక ఈత టీచరు ఒక రోజు అతని ఇంటికే వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే ఒక ఆడమనిషి అతని చొక్కాలు ఉతికి ఆరేస్తూ, తన ఇల్లే అన్నట్టు కుక్కను తిడుతోంది. తలుపు కొట్టకుండా తిరిగొచ్చేసింది. మర్నాటి నుంచి ఆ ఆడమనిషి రోజూ పొద్దున్నే కుక్కను తెచ్చి, సరిగ్గా తన ఇంటి ముందే కూర్చోబెట్టి, కిటికీల వంక తేరిపార చూడ్డం మొదలెట్టింది.

"పై నుంచి కిందికి, ఈ చివర నుంచి ఆ చివరకి చూసేవారు. నా బతుకంతా కళ్ళతో కొలుస్తున్నట్టు."

"కొలుస్తున్నది నీ బతుకును కాదమ్మా, కిటికీనే. మాది కర్టెన్ల పని," అంది అక్క. "అన్నట్టు, ముందు గదిలో ఆ తెర కురచైంది. కింద జానెడు వెలుతురు కనపడుతోంది."

ఈత టీచరు నవ్వబోయింది. నవ్వు సగంలో మరేదో అయి, మొహం చేతుల్లో దాచుకుంది. అక్క ఆమె వీపు మీద చెయ్యి వేద్దామా వద్దా అని ఆలోచించి, కప్పు కింద పెట్టి, వేసింది. బొగ్గు ఇద్దరి కాళ్ళ మధ్యా దూరింది.

"అక్క ఉందని చెప్పాడు," అంది ఆమె తేరుకున్నాక. "తల్లి పోయాక మీరే పెంచారని చెప్పాడు. నేనేమో బాగా పెద్దావిడ అనుకున్నాను. నన్ను మీకు చూపించమని ఎన్నోసార్లు అడిగాను. ఇంకొన్నాళ్ళు ఆగమనేవాడు."

"ఎందుకు? నేనేమన్నా కొరుకుతానా?"

"భయం."

"నాకా? వాడికా?"

"మీరంటే అతనికి భయం. మీ మాట కాదంటే మీరు ఏమైపోతారోనని. ఇంకెవరినీ ఇంట్లోకి రానివ్వొద్దని మీరు ఒట్టు పెట్టించుకున్నారట కదా."

అక్కకు గుర్తుంది. పెళ్ళాం వెళ్ళిపోయిన కొత్తల్లో తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుని, తినక, స్నానం చేయక ఉంటే, నోట్లో ముద్ద పెట్టి మనిషిని చేసింది తను. ఆ రోజుల్లో ఏదో అంది. కాలు విరిగినవాడికి కర్ర అందించినట్టు అంది. కాలు అతుక్కున్నా వాడు ఆ కర్ర పారేయడానికి కూడా తన అనుమతి కోసం కూర్చున్నాడని ఆమెకెలా తెలుస్తుంది? వారం వారం వచ్చేవాడు. తన ఇంట్లో బల్బులు మార్చేవాడు, బావతో పేకాడేవాడు. మొహంలో ఎప్పుడూ ఏమీ కనిపించలేదు. లేదా తను చూడలేదు. కిటికీలు కొలిచే కళ్ళకు మనుషుల మొహాలు ఆనకపోవచ్చు.

"ఆఖరిసారి వచ్చినప్పుడు పోట్లాడాను," అంది ఈత టీచరు. "మీ అక్కకు చెప్పిందాకా నా గడప తొక్కకు అన్నాను. ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు. సరే, మీ వైపే మొగ్గాడు అనుకున్నాను. ఆ తర్వాత మిమ్మల్ని చూసి, మొదటి నుంచీ నాకు అబద్ధమే చెప్పాడనుకున్నాను. అతనేమో ఆ మర్నాడే…"

పక్షవాతం ఎందుకొస్తుందో డాక్టర్లు చాలా కారణాలు చెప్పారు. వాటిలో పోట్లాట లేదని అక్క చెబుదామనుకుంది. కానీ తనకు ఖచ్చితంగా తెలియని సంగతి ఓదార్పు కోసం చెప్పే ఓపిక ఆ పూట ఆమెకు లేదు.

షాపుకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. హోటలు వాళ్ళ కర్టెన్లు ఇవాళే వెళ్ళాలనీ, అంచుల్లో బరువులు కుట్టే పని ఆమె తప్ప ఎవరూ సరిగ్గా చేయరనీ మేస్త్రీ నసిగాడు. వస్తానంది. లేవబోతుంటే ఈత టీచరు అడిగింది.

"నేను చూడొచ్చా అతన్ని?"

ఇదీ అసలు ప్రశ్న. దానికి ముందు అక్క చెప్పాల్సిన ఇంకో సంగతి ఉంది. ఆసుపత్రి వాళ్ళు మంచం ఖాళీ చేయమంటున్నారు. ఊరికి దూరంగా, ఇలాంటివాళ్ళను ఉంచుకుని చూసే ఒక ఆశ్రమం ఉంది. రేపు పొద్దున తమ్ముణ్ణి అక్కడికి పంపడానికి అక్క సరేనంది. అంత మనిషిని లేపి కూర్చోబెట్టే బలం తనకు లేదు, నడుం నొప్పి మొగుడికి అసలే లేదు. వేరే దారి కనపడక, ఏడ్చి, ఒప్పుకుంది. ఇప్పుడు ఆ సంగతి ఈమెకు చెబితే ఏమంటుందో తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

చెప్పింది.

ఈత టీచరు అరవలేదు, ఎవరినడిగి ఒప్పుకున్నారనీ అనలేదు. "రేపా," అని మాత్రం అంది. ఆ ఒక్క మాటలో ఉన్నదంతా మోయడం అక్క వల్ల కాలేదు.

"సాయంత్రం గేటు దగ్గరుండు. నేను షాపు నుంచి సూటిగా వస్తాను," అంది.

ఆ రోజంతా అక్క కుడుతూనే ఉంది. బారెడు బారెడు బూడిదరంగు గుడ్డ ఒళ్ళోంచి జారుతూ ఉంటే, అంచు మడిచి, లోపల చిన్న సీసపు బిళ్ళలు దూర్చి, కుట్టి, జరిపి, మళ్ళీ మడిచింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం తలుపు కింద కోసిన ఆ చిన్న రెక్క దగ్గరే ఉండిపోయింది. తనకు తెలియని ఒక ఇల్లు తమ్ముడికి ఉంది. అందులో కుక్కకు కూడా దారి ఉంది. తనకే లేదు. కోపం తెచ్చుకోవాలని రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ సగంలోనే వదిలేసింది. కోపానికి కూడా కాస్త తిండీ నిద్రా ఉండాలి.

సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర ఈత టీచరు ముందే వచ్చి నిలబడి ఉంది. కొలను నుంచి సూటిగా వచ్చినట్టుంది, జుట్టు ఇంకా తడిగా ఉంది. చేతిలో ఏమీ లేదు. పళ్ళు తెద్దామనుకుని, మింగగలడో లేడో తెలియక కొట్టు ముందు నుంచి వెనక్కి వచ్చేశానంది. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కుతూ ఈత టీచరు, ఈ సంగతి తెలిస్తే అతనికి ఎంత చిరాకో అంది. అక్క నవ్వింది. తమ్ముణ్ణి గురించి నవ్వుకోవడానికి ఇన్ని రోజుల్లో తోడు దొరకడం ఇదే మొదలు.

వార్డు తలుపు దగ్గర కాపలా మనిషి అక్కను గుర్తుపట్టి తల ఊపి, వెనకాల వస్తున్న ఆమెకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంటివాళ్ళను తప్ప లోపలికి పంపకూడదట. ఈవిడ ఏమవుతారని అడిగాడు.

ఈత టీచరు అక్క వైపు చూసింది. ఏ గడపలోనైనా నిటారుగా నిలబడే ఆ మనిషి, భుజాలు కుదించుకుని, తరగతి బయట నిలబెట్టిన పిల్లలా ఉంది. నా స్నేహితురాలు అనొచ్చు. పక్కింటివాళ్ళు అనొచ్చు. అప్పుడు కాపలా మనిషి కుదరదంటాడు. తను తప్పు చేసినట్టు కాకుండానే పని జరిగిపోతుంది.

"మా మరదలు," అంది అక్క.

అని, తన నోట్లోంచి వచ్చిన మాటకు తనే ఉలిక్కిపడింది. ఆ మాట ఆలోచించి అన్నది కాదు. కాళ్ళు లాగుతున్నాయి, వాదించే ఓపిక లేదు, నోటికి దగ్గరగా ఉన్న మాట అదొక్కటే. కాపలా మనిషి పక్కకు జరిగాడు. ఈత టీచరు అక్క చెయ్యి పట్టుకుంది. కొలను నీళ్ళకు నాని ముడతలు పడిన వేళ్ళు అవి. గట్టిగా పట్టుకుంది.

తమ్ముడిది కిటికీ పక్క మంచం. తల కింద రెండు దిండ్లు పెట్టి కాస్త ఎత్తుగా కూర్చోబెట్టారు. గడ్డం ఎవరో గీశారు, ఒక పక్క సరిగ్గా తెగలేదు. మాట నేర్పే డాక్టరమ్మ అప్పుడే వచ్చి వెళ్ళినట్టుంది, బొమ్మల అట్టలు బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ ఇన్ని రోజులుగా 'అమ్మ' అనిపించాలని చూస్తోంది, 'నీళ్ళు' అనిపించాలని చూస్తోంది. పెదాలు కదిలేవి, గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. అక్క కూడా రోజూ మంచం పక్కన కూర్చుని, చిన్నప్పుడు నేర్పినట్టే, 'అక్కా అనరా, ఒక్కసారి అను' అని బతిమాలేది. అతను కళ్ళు మూసుకునేవాడు.

ఇప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి. ముందు అక్కను చూశాడు. తర్వాత అక్క వెనకున్న మనిషిని చూశాడు. తర్వాత వాళ్ళిద్దరి చేతులూ పట్టుకుని ఉండటం చూశాడు. అక్కడే చూపు ఆగిపోయింది.

"తమ్ముడూ, ఎవరొచ్చారో చూడు," అంది అక్క. పసిపిల్లలతో మాట్లాడే గొంతు అది. తన గొంతు తనకే నచ్చలేదు.

ఈత టీచరు ముందుకొచ్చి మంచం పక్కన నిలబడింది. బొగ్గు బాగుందనీ, పొద్దున తలుపు రెక్కలోంచి లోపలికొచ్చిందనీ, గడ్డి బాగా పెరిగిందనీ, కోయాలనీ చెప్పింది. అక్కకు అంతా చెప్పాననీ చెప్పింది.

తమ్ముడి మొహం ఎడమ సగం వణికింది. కుడి సగం కదలలేదు. ఎడమ చేతి వేళ్ళు దుప్పటిని గుప్పిట్లోకి లాగాయి. గొంతులో ఏదో గీసుకుంటున్న చప్పుడు. పక్క మంచం దగ్గరున్న నర్సు తిరిగి చూసింది. పెదాలు కలిశాయి, విడివడ్డాయి, మళ్ళీ కలిశాయి. నుదుటి మీద నరం పొంగింది.

"వె… వెళ్ళి… పో."

అక్క ముందు తన చెవుల్ని నమ్మలేదు. తర్వాత ఒళ్ళంతా పులకరించింది. మాట. మాట వచ్చింది. నర్సు చేతిలో పని వదిలేసి ఇటు పరుగెత్తుకొచ్చింది. నర్సుకు చెప్పడానికి నోరు తెరిచిన తర్వాత గానీ, వచ్చిన ఆ మాటకు అర్థం కూడా ఉందని అక్కకు తట్టలేదు.

ఈత టీచరు అప్పటికే ఒక అడుగు వెనక్కి వేసింది. తన గడప తొక్కొద్దన్న మనిషే ఇప్పుడు అతని గడప దాటి వస్తే ఇదే జవాబు అన్నట్టు తల వంచుకుంది. ఆమెను ఆపబోయిన అక్క, తను కూడా ఒక అడుగు వెనక్కి వేసి ఉండటం గమనించింది. తమ్ముడు తనను ఏనాడూ 'మీరు' అన్నవాడు కాదు. ఈమెనూ ఇప్పుడు అంటూ ఉండడు. ఆ 'పో' ఇద్దరిలో ఎవరికైనా కావచ్చు. మంచానికి ఒకే పక్కన ఇద్దరూ భుజం భుజం ఆనించి నిలబడి ఉన్నారు. అతని చూపు ఇద్దరి మధ్యా ఉంది. కంటిలోంచి నీళ్ళు చెంప మీదికి జారి, సరిగ్గా తెగని గడ్డంలో ఇంకిపోతున్నాయి.

"ఎవర్నిరా?" అంది అక్క. "నన్నా, ఈమెనా? ఎవర్ని పొమ్మంటున్నావు?"

తమ్ముడు కళ్ళు మూసుకుని తెరిచాడు. దుప్పటిని పట్టుకున్న గుప్పిట మెల్లగా విడివడింది. ఎడమ చెయ్యి మంచం మీది నుంచి పైకి లేచి, చూపుడు వేలు వణుకుతూ, ఇద్దరి వైపూ తిరిగింది. ఆ వేలు ఎవరి దగ్గర ఆగిందో వచ్చే వారం.